పిస్టన్ లేని ఇంజనుకు ఆయిలే ప్రాణం

ఈసారి పోస్టు కాస్త పెద్దది, తీరిక చేసుకుని చదవండి. పంటల గురించి కాదు, ఒక కారు ఇంజను చరిత్ర. ఆ ఇంజను మన ఊళ్లల్లో కనపడేది కాదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ట్రాక్టరు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగినప్పుడు ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి అన్నది ఆ చరిత్రలో బాగా తెలుస్తుంది. చిన్న రబ్బరు రింగుతో పోయే పనికి ఇంజనంతా విప్పుకోవడం మనకెందుకు చెప్పండి.

మన ఇంజనులో పిస్టన్ కిందికీ పైకీ కొట్టుకుంటుంది, క్రాంకు దాన్ని తిప్పుడుగా మారుస్తుంది. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ అనే ఆయన అసలు ఆ కొట్టుకోవడమే వద్దనుకున్నాడు. కాలేజీ డిగ్రీ లేని మనిషి. 1929లోనే పేటెంటు తీసుకున్నాడు. ఎన్‌ఎస్‌యూ కంపెనీలో 1957లో మొదటి ఇంజను తిరిగింది. రెండు గింజల వేరుశనగ కాయని అడ్డంగా ఊహించుకోండి, నడుము దగ్గర కొంచెం నొక్కి ఉంటుంది కదా. ఇంజను గది అలా ఉంటుంది. అందులో మూడు మూలల రోటరు తిరుగుతుంది. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, వణుకు బాగా తక్కువ.

కానీ ఈ ఇంజనులో ఆయిలుకి చాకిరీ ఎక్కువ. మొదటిది, బేరింగుల్ని కాపాడాలి. రెండోది, షాఫ్టులోని జెట్ల గుండా రోటరు లోపలికి చిమ్మి దాన్ని చల్లబరచాలి. మూడోది, రోటరు మూలల్లో ఉండే సీళ్లు అరిగిపోకుండా కొంచెం కొంచెంగా గదిలోకి వెళ్లి కాలిపోవాలి. మన ఇంజను ఆయిల్ తాగితే రోగం అంటాం. ఇది మాత్రం పుట్టుకతోనే తాగుతుంది.

ఎన్‌ఎస్‌యూ వాళ్లు 1967లో ఆర్‌ఓ 80 అనే కారు తెచ్చారు. మరుసటి ఏడాది యూరప్‌లో ఉత్తమ కారు బహుమతి కూడా వచ్చింది. కానీ సీళ్లు తొందరగా అరిగిపోయాయి. వారంటీ కింద ఇంజన్ల మీద ఇంజన్లు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. చేతిలో డబ్బు కరిగిపోయి, 1969లో కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ చేతికి పోయింది.

ఇప్పుడు జపాన్ సంగతి. హిరోషిమా ఊరి అంచున టోయో కోగ్యో అనే కంపెనీ ఉండేది, అదే నేటి మాజ్దా. మూడు చక్రాల బండ్లు చేసుకునేవాళ్లు. 1960ల మొదట్లో చిన్న కార్ల కంపెనీల్ని పెద్దవాటిలో కలిపేయాలని అక్కడి ప్రభుత్వం ఆలోచన చేసింది. కొత్తది ఏదైనా చూపించకపోతే కంపెనీ మిగలదు. అందుకే అధ్యక్షుడు సునేజీ మత్సుదా జర్మనీ వెళ్లి ఈ ఇంజను హక్కులు కొన్నాడు. ఆ పని కెనిచి యమమోతో అనే ఇంజనీరుకి అప్పజెప్పాడు. ఆయన జట్టులో మొత్తం 47 మంది.

ఇంజను తిప్పితే గది గోడ మీద అలలు అలలుగా గీతలు పడ్డాయి. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు దయ్యం గోళ్ల గీతలు. సీళ్ల తయారీ మార్చి మార్చి చూశాక గానీ అవి పోలేదు. ఇంకో తంటా, ఆయిల్ గదిలోకి కారి తెల్లటి పొగ కమ్మేది. దానికి ఆయిల్ సీళ్లనే కొత్తగా తయారు చేసుకోవాల్సి వచ్చింది. చివరికి 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ కారు బయటికొచ్చింది. 1978లో ఆర్‌ఎక్స్-7 వచ్చింది. 1991లో ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్స్ పందెంలో ఇదే రకం ఇంజను ఉన్న 787బి కారు గెలిచింది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆర్‌ఎక్స్-7లో ఉన్న 13బి ఇంజనులో, వేడెక్కాక 3000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ సుమారు 70 పౌండ్లు ఉండాలి. టైరు గాలికి మనం చెప్పే పౌండ్లే ఇవి. అది తగ్గితే తెలిసిన మెకానిక్ ఏ వరుసలో చూస్తాడంటే:

మొదట ఆయిల్ మట్టం. ఇది ఆయిల్ తాగే ఇంజను కదా, ఎవరూ చూడకపోతే తరిగిపోయి ఉంటుంది. ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తుంటే పల్చబడిందని అర్థం.

రెండోది, గేజీ నిజం చెబుతోందా? సెండర్ విప్పేసి, ఆ బెజ్జంలో చేతి గేజీ బిగించి చూస్తాడు. సెండరే చెడిపోయి ఉంటే ఇంజనుకి ఏ జబ్బూ లేనట్టే.

మూడోది, ముందు కవరు వెనక ఉండే ఓ-రింగు. పంపు నుంచి వచ్చే ఆయిల్ దారి అక్కడ రెండు ముక్కల మధ్య దాటుతుంది. ఆ రింగు నలిగినా, బిగించేటప్పుడు పక్కకి జరిగినా ప్రెషర్ లోపలే కారిపోతుంది. బయటికి చుక్క కూడా కనపడదు.

నాలుగోది, ప్రెషర్ రెగ్యులేటర్. చెత్త పడి తెరుచుకునే ఉండిపోతే పంపు తోసిన ఆయిల్ తిరిగి సంపులోకే పోతుంది.

ఆ తర్వాతే పంపు, అన్నిటికన్నా ఆఖర్న బేరింగులు.

డ్రిప్ వేసుకున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చివరి లేటరల్‌లో చుక్క పడటం లేదంటే ముందే బోరు మోటారు పైకి లాగం. ఫిల్టరు చూస్తాం, ఎక్కడ పైపు పగిలిందో చూస్తాం, ఆ తర్వాతే మోటారు జోలికి పోతాం. పంపు తోస్తుంది, దారి బిగువుగా ఉంటే ప్రెషర్ నిలుస్తుంది. బేరింగు అరిగి సందు పెరిగిందంటే పైపు పగిలినట్టే లెక్క.

ఈ పాఠం కంపెనీకి కూడా తప్పలేదు. 2003లో వచ్చిన ఆర్‌ఎక్స్-8 ఇంజనుని తర్వాత సవరించినప్పుడు మాజ్దా వాళ్లే ఆయిల్ ప్రెషర్ పెంచారు. ఒక్కో రోటరు గదికి ఆయిల్ అందించే ముక్కుల్ని రెండు నుంచి మూడు చేశారు. యాభై ఏళ్లు తిప్పలు పడ్డాక కూడా లెక్క ఆయిల్ దగ్గరికే వచ్చిందన్నమాట.

మన ట్రాక్టరుకీ ఇదే వరుస. ఎర్ర లైటు వెలిగితే ఈ సాలు అయ్యాక ఆపుదాం అనుకోకండి, అక్కడికక్కడే ఇంజను ఆపండి. ఒక్క సాలులో బేరింగు షెల్స్ పట్టేసి క్రాంకు గీసుకుపోవచ్చు. ఆయిల్ మట్టం చూడండి, ఫిల్టరు చూడండి. ఎవరైనా వచ్చీ రాగానే ఇంజను దించాలంటే, ముందు చేతి గేజీ పెట్టి ప్రెషర్ ఎంతుందో చూపించమనండి. వేడి మీద ఒకసారి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి. ఆ అంకె ఇంజను పుస్తకంలో ఉన్నదానితో పోల్చుకోండి. తక్కువే ఉందని తేలాక విప్పితే ఆ ఖర్చుకి అర్థం ఉంటుంది. గేజీ పెట్టకుండానే విప్పుతానంటే మాత్రం, మన డబ్బుతో వాళ్లు వెతుక్కుంటున్నట్టే.