ప్రజాగరం: నిద్రాభంగ దౌర్మనస్యాలపై భారతీయ చింతనా చరిత్ర

మహాభారతంలో నిద్రలేమి పేరుమీదనే ఒక ఉపపర్వం ఉన్నది. ఉద్యోగపర్వాంతర్గతమైన ప్రజాగరపర్వం అది. పాండవుల వద్దకు రాయబారిగా వెళ్ళిన సంజయుడు ఉపప్లావ్యం నుండి రాత్రివేళ హస్తినకు తిరిగివచ్చాడు. వృద్ధరాజును నిష్ఠురంగా నిందించి, రథప్రయాణంతో అలసినందున ధర్మరాజు సందేశాన్ని మరునాడు సభలో వినిపిస్తానని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ సందేశం ఏమిటో తెలియని ధృతరాష్ట్రునికి ఆ రాత్రి కునుకు పట్టలేదు. దేహమంతా దహించుకుపోతున్నదని, ఇంద్రియాలు స్వస్థత తప్పాయని వాపోయి, విదురుని పిలిపించాడు.

విదురుడు వచ్చిన వెంటనే నీతిబోధకు దిగలేదు. ముందు నిదానం చేశాడు. బలవంతునితో వైరం తెచ్చుకున్న దుర్బలునికి, సాధనసంపత్తి లేనివానికి, సర్వస్వం కోల్పోయినవానికి, కాముకునికి, చోరునికి నిద్ర పట్టదని చెప్పి, ఈ దోషాలలో ఏదైనా రాజును అంటలేదు కదా అని అడిగాడు. పరధనాన్ని ఆశించి పరితపించడం లేదు కదా అనికూడా అడిగాడు. ప్రశ్నరూపంలో ఉన్నా అది రోగనిర్ణయమే. రాజ్యం పాండవులది. దానిని పట్టుకొని కూర్చున్నవాడు ధృతరాష్ట్రుడు. ఐదు కారణాలలో చివరిది ఎవరికి వర్తిస్తుందో అన్నకు తెలియకపోదు.

ఆపైన 33వ అధ్యాయం మొదలుకొని 40వ అధ్యాయం వరకు సాగినదే లోకప్రసిద్ధమైన విదురనీతి. తెలుగువారికి ఇది తిక్కన ఉద్యోగపర్వం ద్వారా పరిచితం. నీతిగ్రంథంగా దానిని విడదీసి చదివే అలవాటు వల్ల, అది ఒక నిద్రపట్టని మనిషి పడకగదిలో పుట్టిన సంభాషణ అన్న సంగతి మరుగున పడింది. అంతటి బోధ విన్న తర్వాత ధృతరాష్ట్రుడు ఒక మాట ఒప్పుకుంటాడు: పాండవుల పట్ల తన బుద్ధి ధర్మంగానే ఉంటుంది, దుర్యోధనుని చూడగానే తిరగబడిపోతుంది. నిద్రాభంగానికి మూలం చెవికి వినబడింది, హృదయం దానిని విడువలేదు. విదురుడు తన జన్మకారణాన్ని చెప్పి ఆత్మవిద్యను తాను బోధించక సనత్సుజాతుని స్మరించాడు. ప్రమాదమే మృత్యువని ఆ మహర్షి ఉపదేశిస్తుండగా తెల్లవారింది. రాజు నిద్రించినట్లు వ్యాసుడు ఎక్కడా చెప్పలేదు. సూర్యోదయానంతరం అందరూ సభకు వెళ్ళారు.

ఇతిహాసం నిద్రలేమిని ధర్మసంకటంగా చూస్తే, వైద్యశాస్త్రం దానిని దేహమనస్సుల సంధిస్థానంలో నిలిపి చూసింది. చరకసంహిత ఆహార, నిద్రా, బ్రహ్మచర్యాలను శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలుగా పరిగణించింది. అయితే నిద్రను గురించిన విస్తృతచర్చ ఉన్న చోటు కొంత విచిత్రమైనది. సూత్రస్థానంలోని 21వ అధ్యాయం అతిస్థూల, అతికృశాది ఎనిమిది నింద్యశరీరాలను గురించినది. నిద్ర అక్కడికి ఎందుకు వచ్చినది? ఆహారం వలెనే నిద్రకూడా దేహాన్ని స్థూలంగానో కృశంగానో మార్చగలదు కనుక. మనస్సు అలసి, ఇంద్రియాలు శ్రమించి విషయాల నుండి మరలినప్పుడు మనిషి నిద్రిస్తాడని ఆ గ్రంథం నిర్వచిస్తుంది. సుఖదుఃఖాలు, పుష్టికార్శ్యాలు, బలాబలాలు, జ్ఞానాజ్ఞానాలు, చివరకు జీవనమరణాలు కూడా నిద్రాధీనాలేనని చెబుతుంది. నిద్రలలో తమస్సు వల్ల కలిగేది, శ్లేష్మం వల్ల కలిగేది, శ్రమ వల్ల కలిగేది, వ్యాధిని అనుసరించి వచ్చేది వంటి భేదాలు చూపి, రాత్రిస్వభావం చేత సహజంగా వచ్చేదానిని మాత్రం భూతధాత్రి అన్నది. ప్రాణులను పోషించే దాది అని దాని భావం.

నిద్రానాశానికి చరకం చూపిన కారణాలు స్వల్పాక్షరాలలో ఉన్నాయి: కార్యభారం, కాలం, వ్యాధి, ప్రకృతి, వాతం. ఉపాయాలు మాత్రం విస్తారం. అభ్యంగనం, నలుగు, స్నానం, శాల్యన్నం పెరుగుతో, పాలు, నెయ్యి, మాంసరసం, మద్యం, మనస్సుకు ఇంపైన గంధాలు, శబ్దాలు, ఒళ్ళు పట్టడం, కళ్ళకు తర్పణం, శిరస్సుకు ముఖానికి లేపనం, చక్కగా పరచిన శయ్య, సుఖమైన గృహం, అలవాటైన వేళ. మాంసమద్యాలు ఈ జాబితాలో ఉండటం కొందరు సాత్త్వికులకు రుచించకపోవచ్చు. వైద్యుడు ఎదుట ఉన్న రోగికి తగినది చెప్పాడు, ఆశ్రమధర్మం చెప్పలేదు. ఇక చివరి రెండు అంశాలను గమనించాలి. ఇల్లు సుఖంగా ఉండాలి, వేళ తప్పకూడదు. ఔషధం కంటె ముందు నిత్యచర్యను సరిచేయడం ఆనాటికే స్థిరపడిన మార్గం.

సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఒక్కొక్క కార్యానికి శ్రేష్ఠమైన ద్రవ్యాన్ని, భావాన్ని లెక్కించే పట్టిక ఉన్నది. నిద్ర కలిగించే వాటిలో అగ్రస్థానం గేదెపాలకు దక్కింది. పడుకోబోయే ముందు పిల్లలకు గోరువెచ్చని గేదెపాలు పట్టే తెలుగు ఇంటి ఇల్లాలికి ఈ శాస్త్రవచనం తెలియకపోయినా ఆచారం తెలుసు. నేడు నిద్రౌషధంగా లోకమంతటా అమ్ముడవుతున్న అశ్వగంధకు చరకంలో ఆ స్థానం లేదు. అది బల్యద్రవ్యాలలో, బృంహణద్రవ్యాలలో కనిపిస్తుంది. దాని లాటిన్ నామంలోని ‘సోమ్నిఫెరా’ అనే పదానికి నిద్ర తెచ్చేది అని అర్థం. పాశ్చాత్య వృక్షశాస్త్రం పెట్టిన ఆ పేరును చూసి ఋషిప్రోక్తమైన నిద్రౌషధమని ప్రచారం చేయడం చరిత్రకు నిలువదు.

అదే పట్టికలో రోగాన్ని పెంచేవాటిలో విషాదం ప్రథమమని, తృప్తినిచ్చేవాటిలో హర్షం ప్రథమమని ఉన్నది. విషాదాన్ని కేవలం మనోభావంగా గాక రోగవర్ధకంగా గుర్తించిన దృష్టి ఇది. చికిత్సను చరకుడు మూడు విధాలుగా విభజించాడు. మంత్ర, జప, హోమ, ఉపవాసాదులు దైవవ్యపాశ్రయం. ఆహారౌషధాలను యుక్తితో యోజించడం యుక్తివ్యపాశ్రయం. అహితవిషయాల నుండి మనస్సును మరలించడం సత్త్వావజయం. మానసదోషాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి ఔషధాలు. ఈ మూడింటిలో ఒకదానిని పట్టుకొని మిగిలినవాటిని త్రోసిపుచ్చమని సంహిత చెప్పలేదు. జపం చేస్తున్నాను గనుక వైద్యుడు అక్కరలేదనే వాదం శ్రద్ధలా కనిపించినా, ఆయుర్వేదసంప్రదాయం దానిని సమర్థించదు.

యోగశాస్త్రం ఇదే స్థితిని దౌర్మనస్యం అన్నది. పతంజలి వ్యాధి మొదలైన తొమ్మిది అంతరాయాలను చెప్పి, వాటి వెంట వచ్చే సహచరాలుగా దుఃఖం, దౌర్మనస్యం, అంగకంపం, శ్వాసప్రశ్వాసల చాంచల్యం అనే నాలుగింటిని పేర్కొన్నాడు. కోరిక భగ్నమైనప్పుడు చిత్తంలో కలిగే క్షోభ దౌర్మనస్యమని వ్యాసభాష్యం వివరిస్తుంది. మనస్సు క్రుంగడాన్నీ, శరీరం వణకడాన్నీ, శ్వాస గతి తప్పడాన్నీ ఒకే వరుసలో నిలపడం యాదృచ్ఛికం కాదు. అందుకే ఉపాయాలలోనూ మైత్రీకరుణాది భావనల పక్కనే శ్వాసను నెమ్మదిగా విడిచి నిలపడం వచ్చింది. స్వప్ననిద్రల జ్ఞానాన్ని ఆలంబనం చేసుకోవడం కూడా చిత్తస్థైర్యానికి ఒక మార్గమే. నిద్ర పతంజలికి శూన్యం కాదు, ఐదు వృత్తులలో ఒకటి. లేచిన తర్వాత సుఖంగా నిద్రించాను అనే స్మృతి కలగడమే దానికి ప్రమాణమని భాష్యకారుని వాదం.

సాధకులకు ఇక్కడొక చిక్కు ఉన్నది. అతినిద్రను నివారించే సాధనాలలో భయం, చింత, ఉపవాసం, అసుఖశయ్యలతో పాటు సత్త్వోద్రేకాన్ని, తమోజయాన్ని కూడా చరకుడు చేర్చాడు. సత్త్వం పెరిగినా నిద్ర తగ్గుతుంది, చింత పెరిగినా తగ్గుతుంది. బయటికి రెండూ ఒకటే జాగరణం. సర్వభూతాల రాత్రిలో సంయమి మేల్కొని ఉంటాడనే గీతార్థాన్ని గ్రహించి, వ్యాకులతతో గడిచిన రాత్రులను సాధనాఫలంగా భావించినవారు ఏ కాలంలోనూ తక్కువ కాదు. ఆ గీతయే ఆరవ అధ్యాయంలో అతిగా నిద్రించేవానికీ, అతిగా మేల్కొనేవానికీ యోగం సిద్ధించదని, యుక్తమైన స్వప్నజాగరణాలు కలవానికే అది దుఃఖహరమని స్పష్టం చేసింది. సత్త్వజాగరణం గలవాడు ఉదయాన ప్రసన్నుడై ఉంటాడు. ధృతరాష్ట్రుడు తన జాగరణాన్ని దాహమని తానే చెప్పుకున్నాడు. కనీసం ఆ విషయంలో ఆత్మవంచన చేసుకోలేదు.

ఇక ఆధునికకాలంలో ఈ చరిత్రకు ఊహించని మలుపు తెచ్చినది సర్పగంధ. బీహారు ప్రాంతంలో దీనిని ‘పాగల్ కీ దవా’గా, ఉన్మాదానికీ నిద్రలేమికీ వాడుతూ వచ్చారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ మూలిక ఉన్మాదంలోనూ అధిక రక్తపోటులోనూ పనిచేస్తున్నదని వ్యాసం ప్రకటించారు. అదే సంవత్సరం ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ దాని వేరు నుండి క్షారాభాలను వేరుచేసి, వాటిలో ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరుమీద అజ్మలీన్ అని నామకరణం చేశాడు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రక్తపోటుపై తన అనుభవాన్ని ప్రచురించిన తర్వాత గాని పాశ్చాత్యలోకం దీనిని పట్టించుకోలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు రిసర్పిన్‌ను వేరుచేశారు. 1954లో న్యూయార్కులో నేథన్ క్లైన్ మానసికరోగులపై దాని ప్రభావాన్ని నివేదించాడు. కవిరాజుల పెట్టెలోని వేరు అచిరకాలంలోనే పాశ్చాత్యదేశాల ఆసుపత్రులకు చేరింది.

అటుపిమ్మట జరిగినది మరింత విచారణీయం. రక్తపోటుకై రిసర్పిన్ సేవిస్తున్న రోగులలో కొందరు తీవ్రవిషాదంలో కూరుకుపోతున్నారని 1950ల మధ్య నుండి వైద్యులు వ్రాయసాగారు. 1955లో అమెరికాలో బ్రోడీ బృందం ఈ ద్రవ్యం సెరొటోనిన్ నిల్వలను హరిస్తుందని కనుగొన్నది. మెదడులోని ఇటువంటి రసాయనాల లోపమే విషాదానికి మూలమనే సిద్ధాంతానికి ఇది ఒక ఆధారమైనది. ఆ విషాదానికి మందు ఎంతమేరకు కారణమో తర్వాతి పరిశోధకులు వాదించుకున్నారు, సిద్ధాంతమూ విమర్శలకు గురైనది. అయినా నిద్రనిచ్చే మూలికయే మనస్సును క్రుంగదీయగలదన్న హెచ్చరిక వైద్యగ్రంథాలలో నిలిచిపోయింది. ప్రకృతిసిద్ధం గనుక నిరపాయం అనే నమ్మకానికి చరకుడే చాలాముందు సమాధానం చెప్పాడు: యుక్తితో వాడితే విషమూ ఔషధమవుతుంది, యుక్తి తప్పితే ఔషధమే విషమవుతుంది.

గిరాకీ పెరిగినకొద్దీ అడవులలో సర్పగంధ వేళ్ళతో సహా పెకలింపబడింది. ప్రస్తుతం అది అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నది. అభ్యంగనానికి, పెరుగన్నానికి, వేళపట్టున దీపం ఆర్పి పడుకోవడానికి మాత్రం ఏ ఒప్పందమూ అడ్డు లేదు.