పెదనాన్న రెండు బటన్ల వాచీ

పొద్దున పది దాటింది. విశాఖ పాతపట్నంలో, కురుపాం మార్కెట్ దగ్గర బంగారు కొట్లు ఒక్కొక్కటిగా షట్టర్లు ఎత్తుతున్నాయి. పక్కసందులో మంచమంత వెడల్పున్న వాచీల దుకాణం. మాస్టారు లేచి ఫ్యాను ఆపేశారు.

"గాలాడితే ముక్కలు ఎగిరిపోతాయి బాబూ. కాసేపు ఓర్సుకో."

బల్లకు ఇవతల నాకో స్టూలు వేశారు. మీరూ నా పక్కకు జరిగి కూర్చోండి. మోచెయ్యి మాత్రం బల్లకు తగలనీయకండి.

తెల్లకాగితం మీద మా పెదనాన్న వాచీ ఉంది. ఓడ ఇంజను గదిలో పనిచేసిన రోజుల్లో ఏదో రేవులో కొనుక్కున్నారు. బంగారు కేసు, కీకి పైన ఒకటి, కింద ఒకటి బటన్లు, డయల్లోనే మళ్లీ రెండు బుల్లి డయళ్లు. కంపెనీ పేరు లేదు. 'క్రోనోగ్రాఫ్ స్విస్', అంటే బటన్లతో సెకన్లు కొలిచే స్విస్ వాచీ, అని మాత్రం ఉంది. ఆ పేరుతో ఇలాంటి వాచీలు రేవుపట్నాల్లో నావికులకు చాలా అమ్ముడయ్యాయి. చీకట్లో మెరవడానికి ముళ్లకు పూసిన మందు గోధుమరంగుకు తిరిగింది.

వానాకాలం సాయంత్రాల్లో పెదనాన్న మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టుకునేవారు. మెరుపు మెరవగానే పైబటన్ నొక్కేవారు. ఉరుము వినబడగానే కిందిది నొక్కేవారు. డయలు అంచున ఎర్రగీతల్లో ముల్లు ఆగినచోట అంకె చూసి, "మూడు కిలోమీటర్ల అవతల పడిందిరా, భయంలేదు" అనేవారు. శబ్దానికి కిలోమీటరు దాటడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ఆ లెక్కంతా ముందే వేసి, ఆ ఎర్రగీతల్లో అచ్చువేశారు. అది నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఆయన పోయాక వాచీ పదేళ్లు బీరువాలో పడివుంది. పెద్దమ్మ నా చేతికిచ్చినప్పుడు, పొడుగు ముల్లు నడిచినప్పుడల్లా వాచీ నీరసించి ఆగిపోతుంటే, ముందు ఒక షాపులో చూపించాను. వారం ఉంచుకుని తిరిగిచ్చేశారు. "పైబటన్ రెండోసారి నొక్కితే ఆగట్లేదండీ, మిషన్ పోయింది. కరిగిస్తే బంగారమన్నా వస్తుంది" అన్నారు.

మాస్టారు కీ నాలుగు చుట్లు తిప్పి పైబటన్ నొక్కారు. నడిమి పొడుగు ముల్లు బయల్దేరింది. ఈసారి కిందిబటన్ నొక్కారు. ఆగింది. అదే మళ్లీ నొక్కారు. ముల్లు ఎగిరొచ్చి పన్నెండుకు రెండు గీతల ఇవతల నిలబడింది.

"దీని తీరే అంత. పైది నడపడానికే. ఆపడం, ఎనక్కి తేవడం రెండూ కిందిదాని పని. ఇది లాండెరాన్ మిషన్ బాబూ."

వెనక మూత తీసి ఐగ్లాస్ నా చేతికిచ్చారు. బ్యాలెన్స్ చక్రం అడుగున, పలక మీద 48 అన్న అంకె కనిపించింది. స్విట్జర్లాండులో బీల్ సరస్సు ఒడ్డున ల లాండెరాన్ అనే చిన్న ఊరుంది. 1937లో ఈ వరస మిషన్లు అక్కడి నుంచే మొదలయ్యాయి. అంతకుముందు క్రోనోగ్రాఫును నడిపి ఆపడానికి ఎక్కువగా నిలువు స్తంభాలున్న చక్రం వాడేవారు. దాన్ని చెక్కడానికి పనితనమూ ఖర్చూ ఎక్కువ. లాండెరాన్ వాళ్లు ప్రెస్సులో కోసిన పలకలతో అదే పని చేయించి ధర దించారు. మా పెదనాన్నలాంటి ఇంజను గది మనిషి చేతికి క్రోనోగ్రాఫ్ వచ్చిందంటే అందువల్లే.

ఇక విప్పడం. ముందు మెయిన్‌స్ప్రింగులో మిగిలిన బలం విడిపించాలి. మాస్టారు కీని వేళ్ల మధ్య పట్టి, పుల్లతో చిన్న కొక్కేన్ని తప్పించి, కీని మెల్లగా వెనక్కి వదిలారు. ఇది మరిచి స్క్రూ విప్పితే స్ప్రింగు ఒక్కసారిగా విడిపోయి చక్రాల పళ్లు ఊడొచ్చు. తర్వాత ముళ్లు తీశారు. వాటి మీది మందును ఆయన గీకలేదు, ఊదలేదు. మూతున్న డబ్బీలో పెట్టి చెయ్యి కడుక్కొచ్చారు. చీకట్లో మెరిసేదాన్నల్లా మనం రేడియం అంటాం. ఆ కాలపు వాచీల్లో అది నిజం రేడియమే. మెరిపించే పదార్థం అరిగి వెలుగు పోయినా, రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు కావాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

చక్రాలు, మీటలు ఒక్కొక్కటీ గళ్లపెట్టెలోకి చేరుతున్నాయి. మాస్టారి చిమటా ఒకచోట ఆగింది.

"ఇదిగో, సూడు."

ఒక చిన్న స్క్రూ తల మీద కొత్తగా పడిన తెల్లటి గీత. అది బిగించే స్క్రూ కాదు. తల నడుమన కాక ఒక పక్కకు నిలబెట్టిన ఎక్సెంట్రిక్. తిప్పితే దానికి ఆనుకున్న మీట వెంట్రుకవాసి జరుగుతుంది. సెకన్ల చక్రంతోపాటు ఎప్పుడూ తిరిగే ఒక సన్నటి చక్రం ఆ మీట మీద ఉంది. పైబటన్ నొక్కగానే మీట వాలి, ఆ చక్రం పళ్లు నడిమి చక్రం పళ్లను అందుకుంటాయి. లోతుగా దిగితే బిగుసుకుని వాచీ బలం తినేస్తుంది. పైపైన తగిలితే ముల్లు జారిపోతుంది. వదులైందనుకుని ఎవరో దీన్ని తిప్పారు. పొడుగు ముల్లు నడిచినప్పుడల్లా వాచీ నీరసించి ఆగిపోవడం వెనక ఎండిన నూనె ఒక కారణమైతే, ఈ గీత రెండోది.

పది రోజుల తర్వాత మళ్లీ అదే స్టూలు మీద కూర్చున్నాను. ముక్కలన్నీ కడిగి ఆరబెట్టి ఉన్నాయి. బలం పోయిన పాత స్ప్రింగు పక్కన, బొంబాయి నుంచి తెప్పించిన కొత్తది. మాస్టారు సూదిమొనంత నూనె తీసి, చక్రాల ఇరుసులు తిరిగే రాళ్ల గుంటల్లో ఒక్కో చుక్క పెడుతున్నారు. పళ్లకు మాత్రం తగలనివ్వరు. పళ్లకు నూనె రాస్తే దుమ్ము పట్టి అరుగుతాయి.

గుండె ఆకారంలో ఉన్న ముక్కను చిమటాతో ఎత్తి చూపించారు. లండన్‌లో పనిచేసిన స్విస్ గడియారకారుడు అడాల్ఫ్ నికోల్ 1844లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. ముల్లు ఎక్కడున్నా సరే, చిన్న సుత్తి వచ్చి ఈ గుండె అంచును నొక్కితే, అది తిరిగి తిరిగి నొక్కులోకి జారి నిలుస్తుంది. ముల్లు సున్నాకు వచ్చేస్తుంది. మనది రెండు గీతల ఇవతల నిలవడానికి ఇందులో తప్పేమీ లేదు. ఎవరో ముల్లు సరిగ్గా కూర్చోబెట్టలేదు, అంతే.

ఎక్సెంట్రిక్ దగ్గర అరగంట గడిచింది. ఒక పిసరు తిప్పడం, బటన్ నొక్కడం, ఐగ్లాస్‌లోంచి చూడడం. చివరికి పొడుగు ముల్లు వణక్కుండా బయల్దేరింది. గంటకు 18,000 కొట్టుళ్లు, అంటే సెకనుకు అయిదు. ముల్లు అయిదు చిన్న అడుగుల్లో సెకను దాటుతోంది.

వాచీ కొట్టుళ్లు విని నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టారు. పొడుగు ముల్లు ఆగివున్నప్పుడు బ్యాలెన్స్ ఊపు 275 డిగ్రీలు. నడుస్తున్నప్పుడు 240. అంత తగ్గడం సహజమే. మాస్టారు తల ఊపారు.

"డయలు కొత్తగా వేయించమంటారా?" అని అడిగాను. మరకలు పడి, ఎర్రగీతలు కాస్త వెలిసివున్నాయి.

"వేయిస్తే ఆ ఎర్రగీతలు ఎవరో గీసినవవుతాయి. మీ పెదనాన్న సూసినవి ఇయ్యే కదా."

కేసుకు పాలిష్ కూడా పట్టలేదు. ఇలాంటి వాచీల్లో బంగారం రేకులా పలచన. నాలుగుసార్లు రుద్దితే అంచులు కరిగిపోయి కేసు రూపమే మారిపోతుంది. పాత స్ప్రింగును పొట్లం కట్టి నా జేబులో పెట్టారు.

మీ ఇంటి బీరువాలోనూ ఇలాంటి వాచీ ఒకటి ఉండొచ్చు. ఎండిన నూనెతో నడుస్తోంది కదా అని నడపకండి, ముక్కలు అరిగిపోతాయి. బాగుచేయించేటప్పుడు మూడు మాటలు ముందే చెప్పండి: డయలుకు రంగు వద్దు, కేసుకు పాలిష్ వద్దు, మార్చిన ప్రతి పాతముక్కా తిరిగివ్వాలి. ఆ మూడింటికీ ఒప్పుకునే మనిషి చేతికే ఇవ్వండి. తర్వాత రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి.