హేఎయియా గట్టు మీద ఒక పూట

గేటు బార్లా తెరిచే ఉంది. అయినా ఎవరూ లోపల అడుగు పెట్టరు.

హైస్కూలు పిల్లలు రెండు వరసల్లో నిలబడ్డారు. కాళ్ళకు తడి రాళ్ళ మీద జారని టాబీలు, చేతుల్లో తోలు గ్లవ్స్, కొందరి కళ్ళలో ఇంకా వదలని నిద్ర. మీరూ వాళ్ళ వెనక నిలబడండి. ముందు వరసలోంచి ఒకమ్మాయి గొంతెత్తుతుంది. వాద్యం లేదు, తాళం లేదు; ఊపిరి ఎంతసేపు ఆగితే అంత పొడుగున సాగే పిలుపు. రెండో పాదానికి మిగతావాళ్ళు అందుకుంటారు. మేం ఎవరం, ఎందుకొచ్చాం, లోపలికి రావచ్చా అని అడగడం అది. దాన్ని ఓలి అంటారు. పిల్లలు ఆగుతారు. చెట్ల అవతలి నుంచి ఒక ఆడగొంతు అదే తీరులో బదులిస్తుంది. రమ్మంటుంది. అప్పుడు కదులుతుంది వరస.

ఇది హవాయిలోని ఒఆహు దీవి. వైకీకీ హోటళ్ళ వెలుగులకు కొండ అవతలి పక్క. వెనక్కి తిరిగితే కోఓలౌ కొండలు నిట్టనిలువుగా, మడతలు మడతలుగా, పచ్చగా నిలబడి కనిపిస్తాయి. రాత్రి వాన కురిసినట్టుంది, మడతల్లోంచి సన్నటి జలపాతాలు దిగుతున్నాయి. ముందు కానెఓహే అఖాతం. దానికి ఆవల మోకాపు ద్వీపకల్పం మీద అమెరికా మెరైన్ దళాల స్థావరం. పిల్లల పాట ముగుస్తుండగానే అటునుంచి ఓ విమానం లేచి చెవులు గింగురుమనిపిస్తూ పోయింది. పిల్లలు తల కూడా తిప్పలేదు.

చెట్ల నీడ దాటగానే చెరువు. 88 ఎకరాల నీళ్ళు, వాటి చుట్టూ వలయంగా తిరిగివచ్చే రాతిగోడ. గోడ పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. ఆరు నుంచి ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టారని అంచనా. రెండు వైపులా నల్లటి అగ్నిశిలలు, నడుమ పగడపు ముక్కలు దట్టించి ఉంటాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. సముద్రం లోతులేని చోట ఇలా గోడ కట్టి చేపల్ని పెంచడం హవాయి వాళ్ళు సొంతంగా సాధించిన విద్య. ఒకప్పుడు దీవులన్నిటా ఇలాంటివి వందల్లో ఉండేవి. ఈ హేఎయియా చెరువును 2001 నుంచి పాయెపాయె ఓ హేఎయియా అనే స్వచ్ఛంద సంస్థ చూసుకుంటోంది. మొదలుపెట్టినవాళ్ళూ అప్పటికి కుర్రవాళ్ళే.

గోడ మీదికి ఎక్కండి, జాగ్రత్తగా. నాలుగు మీటర్ల వెడల్పున్నా అడుగు చూసుకుని వేయాలి. ఇక్కడ పని నేర్పే మనిషికి నలభై ఏళ్ళుంటాయి. పిల్లలంతా "అంకుల్" అంటారు. ఈ దీవుల్లో పెద్దవాళ్ళెవరైనా అంకుల్, ఆంటీలే. ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. వంగి ఒక రాయిని ఎత్తి, చేతుల్లో రెండుసార్లు తిప్పి, గోడలో ఖాళీ ఉన్నచోట దింపాడు. రాయి దిగిన చప్పుడు వినండి. టక్ అని కాదు, లోపలికి దిగబడ్డట్టు బరువుగా ఒకే మోత. దాని మీద నిలబడి అటూ ఇటూ ఊగాడు. రాయి కదల్లేదు.

"మీ వంతు" అన్నాడు.

పదిహేనేళ్ళ కుర్రాడొకడు అందరికంటే పెద్ద రాయిని కౌగిలించుకుని తెచ్చాడు. పెట్టాడు. ఊగింది. తిప్పాడు. మళ్ళీ ఊగింది. చిన్న రాయి ఒకటి సందులోకి దోపబోతే అంకుల్ చెయ్యి అడ్డుపెట్టాడు. "ముందు పెద్దది దాని బరువుతో అది కూర్చోవాలి బాబూ. చిన్న రాయి సందు నింపుతుంది, బరువు మొయ్యదు. రాయి ముఖం ఎటుందో చూడు." కుర్రాడు రాయి చుట్టూ తిరిగాడు. ఇప్పుడతను దాన్ని ఎత్తడం మానేసి చూడడం మొదలుపెట్టాడు. ఆ తేడా ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది.

రాయి పొడవాటి భాగం గోడ లోపలికి, పొట్టి ముఖం నీటివైపు. రెండు రాళ్ళ అతుకు మీద మూడో రాయి నడిమి రావాలి. పగడం ముక్కలు బకెట్లలో చేతులు మారుతూ వరసగా వస్తాయి. ఆ వరసలో మీకూ ఒక చోటు ఉంది, నిలబడండి. ఎడమవైపు అమ్మాయి బకెట్ ఇస్తుంది, కుడివైపు అబ్బాయి అందుకుంటాడు. పది నిమిషాలకు చేతులు గుంజుతాయి. ఇరవై నిమిషాలకు ఎవరో పాట ఎత్తుకుంటారు, బకెట్ల వేగం దానికి లొంగుతుంది. ఈ దీవుల కథల్లో పెద్ద కట్టడాలన్నీ ఇలాగే, మైళ్ళ కొద్దీ మనుషులు వరసకట్టి రాయిని చేతి నుంచి చేతికి అందించుకుంటే లేచినవి. 1965 వరదకు ఈ గోడ దాదాపు 200 అడుగుల మేర తెగిపోయింది. యాభై ఏళ్ళు ఆ గండి అలాగే ఉండిపోయింది. 2015 డిసెంబరులో సుమారు రెండు వేల మంది వచ్చి, ఇదిగో ఇలాగే నిలబడి, దాన్ని పూడ్చారు. ఈ వరసలో ఒకమ్మాయి ఆరోజు చిన్నపిల్లగా వాళ్ళమ్మ వీపున ఉందట. అది చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారైంది.

గోడకు అక్కడక్కడా తూములున్నాయి. తూముకు కర్రపలకల తలుపు, పలకల నడుమ వేలు పట్టేంత సందులు. పోటు వచ్చినప్పుడు సముద్రంలోని చేపపిల్లలు ఆ సందుల్లోంచి లోపలికి వస్తాయి. ఏటినీళ్ళు, ఉప్పునీళ్ళు కలిసే ఈ చెరువు అడుగున నాచు దండిగా పెరుగుతుంది. అది మేసి బలిసిన చేప మళ్ళీ సందులో పట్టదు. పోటు నీరు లోపలికి దూకేటప్పుడు పెద్ద చేపలు దానికి ఎదురీదుతూ తూము దగ్గరే గుమిగూడతాయి. అప్పుడు కావలసినన్ని పట్టుకోవచ్చు, మిగతావాటిని వదిలేయవచ్చు. ఆ చేపలు మీకు కొత్తవి కావు. పులికాట్ ఒడ్డున కత్తిపరిగ అనేది, పాలబొంత అనేది ఇక్కడ అమఅమ, అవ. రెండూ నాచు మేసేవే కాబట్టి బయటి నుంచి మేత మూటలు తెచ్చి చల్లే పనే లేదు.

భీమవరం చుట్టుపక్కల రాత్రంతా తిరిగే ఏరేటర్ల మోత ఎరిగినవాళ్ళకు ఇక్కడ జరిగిన ఒక నష్టం వెంటనే అర్థమవుతుంది. 2009లో ఈ చెరువులో వలగూళ్ళు కట్టి మోయి చేపల్ని పెంచారు. మోయి మన మాగ జాతి చేప, ఒకప్పుడు ప్రభువుల భోజనం. ఆ ఏడాది ఎప్పుడూ వీచే ఈశాన్యపు గాలులు పడిపోయాయి. నీరు కదల్లేదు, వేడెక్కింది, అందులో ప్రాణవాయువు తగ్గింది. గూళ్ళలోని మోయి చచ్చిపోయింది. తర్వాత శాస్త్రవేత్తలు వాతావరణ లెక్కలు తీసి చూస్తే అది పసిఫిక్ మీద ఎల్ నీన్యో చేసిన పనితో ముడిపడి ఉంది.

అందుకే గోడ పని మధ్యలో ఒక ఆంటీ వచ్చి పిల్లల్ని పిలుస్తుంది. చేతులు కడిగి తెల్లబోర్డు ముందు కూర్చోమంటుంది. అక్కడ రాసేది పాఠం కాదు, ఈ పూట. గాలి ఎటునుంచి? మబ్బు కొండ నెత్తిన ఉందా, నడుముకు దిగిందా? నీటి రంగేమిటి? చేప ఎక్కడ ఎగిరింది? ఒకడు ధర్మామీటరు ముంచి అంకె చెబుతాడు. ఇంకొకతె ఈ రాత్రి చంద్రుడి పేరు చెబుతుంది: ఓలె. హవాయి నెలలో ప్రతి రాత్రికీ పేరుంది, పదేసి రాత్రుల మూడు భాగాలు. ఓలె రాత్రులు నాటడానికీ వేటకూ కలిసిరావు. కలుపు తీసుకోవాలి, పనిముట్లు చక్కబెట్టుకోవాలి. ఇవాళ గోడ పని పెట్టింది అందుకే. ధర్మామీటరూ చంద్రుడూ ఒకే బోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయి, ఎవరికీ అది వింతగా అనిపించదు. నాకు ఈ చోటు మీద గౌరవం మొదలైంది ఈ బోర్డు దగ్గరే. పాత విద్యను అద్దాల పెట్టెలో పెట్టి దణ్ణం పెట్టడం లేదు వీళ్ళు. రోజూ పనిలోకి దించి, పనికొస్తోందో లేదో చూస్తున్నారు.

ఆంటీ ఇంకో మాటా చెబుతుంది. ఈ చెరువుకు మెహెఆను అనే కావలి ఉంది. మన ఊరి చెరువుకు కట్టమైసమ్మ ఉన్నట్టే. బల్లిగా, మలుగుపాముగా రూపం మారుస్తుంది. ఒడ్డున హౌ చెట్ల ఆకులు పసుపెక్కితే ఆమె ఇంట్లో ఉన్నట్టు. పిల్లలు అప్రయత్నంగా చెట్లవైపు చూశారు. ఆంటీ నవ్వలేదు, నమ్మమనీ అనలేదు.

ఈ పిల్లల ముత్తవ్వలకు ఇవి చెప్పే వీలు లేకపోయింది. 1893లో అమెరికన్ వ్యాపారులు, ఆ దేశపు నౌకాసైనికుల అండతో, రాణి లిలిఉఓకలానిని గద్దె దించారు. 1896 చట్టం బడుల్లో ఇంగ్లీషునే బోధనాభాష చేసింది. బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి. దెబ్బలు తిన్నవాళ్ళు పెద్దయ్యాక, తమ పిల్లలకు ఆ బాధ వద్దని భాషే నేర్పలేదు. 1980ల తొలినాళ్ళలో, నీఇహౌ అనే చిన్న దీవిని పక్కనపెడితే, హవాయి భాష మాట్లాడే పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు యాభై మంది కూడా లేరని అంచనా. 1978లో అది రాష్ట్ర అధికార భాష అయింది. 1984లో తల్లిదండ్రులు పూనుకుని తొలి పసిపిల్లల బడి తెరిచారు. ఇందాక గేటు దగ్గర గొంతెత్తిన అమ్మాయి అలాంటి బడిలోంచే వచ్చింది. గ్లవ్స్ కనబడక స్నేహితురాలిని తిట్టింది కూడా ఆ భాషలోనే. ఒక భాష బతికిందనడానికి నాకు పాటకంటే ఆ తిట్టే గట్టి సాక్ష్యం అనిపిస్తుంది.

ఒడ్డున ఇంకో జట్టు మోకాలి లోతు బురదలో మడచెట్లు నరుకుతోంది. కోరింగ మడ అడవుల్ని కాపాడుకోవడం తెలిసిన మనకు ముందు గుండె కలుక్కుమంటుంది. కానీ ఈ దీవుల్లో మడ సొంతంగా పుట్టింది కాదు. 1902లో మొలొకఇ దీవిలో కొట్టుకుపోయే మట్టిని పట్టి ఆపాలని బయటి నుంచి తెచ్చి నాటారు. అది ఇక్కడి తీరాలన్నీ కమ్ముకుంది, వేళ్ళు గోడలోకి దూరి రాళ్ళను పెకలించింది, నీటిని బురదతో బిగించింది. చెట్టు మంచిదా చెడ్డదా అని కాదు, ఏ నేల మీద ఉంది అన్నది చూడాలి. నరికిన కర్ర పందిళ్ళకూ పొయ్యిలోకీ వెళుతుంది.

ఏటి ఎగువన కాకోఓ ఓయివి అనే మరో సంస్థ చిత్తడి నేలలో చేమ మళ్ళు తిరిగి సాగులోకి తెస్తోంది. కొండనీరు ఆ మళ్ళలో మెల్లగా తిరిగి, ఒండ్రు అక్కడే వదిలి, తేటపడి చెరువులోకి దిగాలి. మళ్ళు పాడుబడినన్నాళ్ళూ ఆ మట్టంతా చెరువులోకే వచ్చింది. కొండ నుంచి పగడపు దిబ్బ దాకా ఒకే వ్యవసాయం అన్న పాత లెక్కను ఈ సంస్థలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని మళ్ళీ కూడుకుంటున్నాయి.

మధ్యాహ్నం ఆ చేమే భోజనం. మన చేమదుంపే, అదే మొక్క. సరిగా ఉడక్కపోతే గొంతు పట్టేది ఇక్కడా అంతే. ఉడికిన దుంపల్ని వెడల్పాటి చెక్కపలక మీద వేసి, చేతికి తడి అద్దుకుంటూ రాతిపొత్రంతో దంచుతారు. పలకకు అటొకరు, ఇటొకరు. ఇలా దంచినదాన్ని అమ్మడానికి ఆరోగ్యశాఖ నిబంధనలు ఒకప్పుడు అడ్డొచ్చేవి. జనం పట్టుబడితే 2011లో శాసనసభ దారి ఇచ్చింది. ఊదారంగు ముద్ద వేలికి అంటుకుంటుంది. నీళ్ళు కలిపి పలచన చేస్తే దాన్ని "పోయి" అంటారు; నిలవుంచితే పులుస్తుంది. తినండి. హవాయి వంశావళిలో ఆకాశపిత తొలి కొడుకు ఊపిరి లేకుండా పుట్టాడు, పాతిపెట్టినచోట చేమమొక్క మొలిచింది, రెండో కొడుకు నుంచి మనుషులు వచ్చారు. కాబట్టి ఇది అన్న. గిన్నె మూత తెరిచి ఉండగా దాని ముందు కొట్లాడుకోకూడదట. ఇద్దరబ్బాయిలు ఏదో వాదులాడుకుంటుంటే పక్కనున్న పిల్ల గబుక్కున మూతపెట్టి, "ఇప్పుడు కానివ్వండి" అంది.

చేప మాత్రం పళ్ళెంలో తక్కువే. ఈ చెరువు ఊరంతటికీ చేప పెట్టే రోజు ఇంకా రాలేదు. గోడ పూర్తిగా బాగుపడాలి, బురద పోవాలి, ఏరు తేటపడాలి. ఇక్కడి పెద్దలు ఆ సంగతి పిల్లల దగ్గర దాచరు. మేం మొదలుపెట్టింది మీరు పూర్తిచేస్తారు అని కూడా తీయగా చెప్పరు. చెప్పేదొక్కటే: పన్నెండున్నరకు పోటు మొదలవుతుంది, అందాకా గోడ మీద ఉందాం.

మళ్ళీ గోడ. ఎండ నెత్తిమీదికి వచ్చింది, నీరు అంగుళం అంగుళంగా పైకొస్తోంది. అంకుల్ పొద్దున పేర్చిన వరస మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాడు. ప్రతి రాయి మీదా నిలబడి ఊగి చూస్తాడు. పదకొండో రాయి దగ్గర ఆగాడు. మళ్ళీ ఊగాడు. కుర్రాడి పెద్దరాయి నిలిచింది; దాని పక్కది కదులుతోంది.

"దీన్ని తీయాలంటే నాది కూడా తీయాలా అంకుల్?"

"నీదీ, దాని పైదీ."

కుర్రాడు గ్లవ్స్ మళ్ళీ తొడుక్కుంటూ నీటివైపు చూశాడు. "టైముందా?"

"నలుగురుంటే ఉంది" అన్నాడు అంకుల్. బకెట్లు కడుగుతున్న ముగ్గురు లేచి వచ్చారు.