టాల్‌స్టాయి హక్కుల త్యాగము

గ్రంథకర్తకు తన గ్రంథముపై హక్కుండుట న్యాయమే. శ్రమకు ఫలము గోరుటలో దోషము లేదు. కాని విద్యను విక్రయింపరాదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఈ రెండు ధర్మముల నడుమ నలిగినవాడు రష్యాదేశపు టాల్‌స్టాయి. ఆయన చరిత్రమునందలి యీ భాగమును మే మిచ్చట విచారింతుము.

1884లో ఆయన చెర్ట్‌కోవ్‌తో గూడి యొక ప్రచురణసంస్థను నెలకొల్పెను. పేదరైతులు కొనగల స్వల్పమూల్యమునకు చిన్న పుస్తకముల నచ్చొత్తించుట దాని యుద్దేశము. 1891 సెప్టెంబరులో పత్రికలకు లేఖ వ్రాసి, 1881 మొదలు తాను రచించిన గ్రంథములను ఏ దేశమువారైనను, మూలముగా గాని యనువాదముగా గాని, ప్రతిఫల మొసగకయే ముద్రించుకొనవచ్చునని చాటెను. ‘యుద్ధము-శాంతి’, ‘అన్నా కరెనినా’ మున్నగు పూర్వరచనలను మాత్రము భార్య సోఫియాకు విడిచెను.

ఆమె యీ త్యాగమునకు సమ్మతింపలేదు. పదుముగ్గురు బిడ్డలను గన్న యా తల్లి సంసారభారమును మోయుచు, భర్త వ్రాతలకు పలుమారులు శుద్ధప్రతులు వ్రాసి, వానిని తానే ప్రచురించుచుండెను. ఆమె కోపమును లోభమని కొట్టివేయుట న్యాయము గాదు. దానము చేసిన కీర్తి భర్తది, దాని భారము భార్యది యగుట మన యిండ్లలోను చూచుచున్నదే.

1899లో ‘పునరుత్థానము’ నవలకు మాత్ర మాయన ధనము పుచ్చుకొనెను. అదియు దుఖోబోర్లను పీడిత మతస్థులు కెనడాకు వలసపోవుటకే వినియోగించెను.

చట్టమువలనను చిక్కు గలిగెను. సర్వజనులను వారసులుగా జేయుటకు రష్యా శాసనమున తావు లేదు. ఒకరి పేరు కావలెను. అందుచే 1910 జూలైలో, ఇంటివా రెరుగకుండ నడవిలో గూర్చుండి, తన రచనల హక్కులన్నియు కూతురు అలెగ్జాండ్రాకు జెందునట్లు మరణశాసనము వ్రాసెను. ఆమె పేరు నిమిత్తమాత్రము. లోకమునకు విడుచుటయే యాశయము. నవంబరులో, ఇల్లు విడిచిపోయిన పిమ్మట, ఆయన అస్తపోవో రైలుస్టేషనులో మరణించెను. తరువాత కూతురు ప్రచురణమువలన వచ్చిన ధనముతో కుటుంబమువారి భూమిని కొని రైతులకు పంచిపెట్టెను.

ఆ 1910లోనే దక్షిణాఫ్రికాలో గాంధీగారు ‘హింద్ స్వరాజ్’ ఆంగ్లప్రతిని, హక్కు లేవియు నిలుపుకొనలేదని ముద్రించి ప్రకటించి, టాల్‌స్టాయికి బంపిరి.

గ్రంథము లోకమునకు జెందవలెనన్నచో సంకల్ప మొక్కటి చాలదు. గ్రంథకర్త ప్రకటనముచేత తన హక్కును విడుచుకొనుటకు మన దేశపు 1957 నాటి శాసనమున మార్గము గలదు. కనుక రహస్యముగా నడవికి బోవ బనిలేదు. అయినను ఇంటివారి జీవనమునకు దారి చూపి, వారితో నాలోచించి చేసిన దానమే శాంతినిచ్చునని మా యభిప్రాయము.