రాట్నం నుంచి స్కూటరు దాకా: బెల్టు కథ

గత వేసవిలో ఒకనాడు కోరుట్ల నుంచి జగిత్యాలకు స్కూటరు మీద వస్తున్నాను. సగం దారిలో ఇంజను ఒక్కసారిగా హోరుమన్నది. బండి మాత్రం నెమ్మదించి ఆగిపోయింది. పెట్రోలున్నది, ఇంజను తిరుగుతున్నది, వెనుక చక్రం కదలదు. మెకానిక్కు ఎడమవైపు మూత విప్పగా లోపల నల్లని పొడీ, తెగిన రబ్బరు బెల్టూ కనిపించాయి. తప్పు బండిది కాదు, నాదే. ‘పికప్’ పెరుగుతుందని ఎవరో చెప్పగా కొన్నాళ్ళ క్రితం లోపలి రోలర్లు తీయించి తేలికవి వేయించాను. బెల్టు ఎంత అరిగిందో మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఏటా తరగతిలో ఘర్షణను గురించి పాఠం చెప్పేవాడిని, నా బండిలోని ఘర్షణను నేను మరచితిని! ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

బెల్టు మనకు కొత్త వస్తువు కాదు. మన అవ్వలు తిప్పిన రాట్నాన్ని జ్ఞాపకం చేసుకోండి. పెద్ద చక్రాన్నీ, సన్నని కదురునూ కలిపే తాడు బెల్టు కాక మరేమిటి? చక్రం వ్యాసం కదురు బిళ్ళ వ్యాసానికి 40 రెట్లుంటే, చక్రం ఒక చుట్టు తిరిగేసరికి కదురు సుమారు 40 చుట్లు తిరుగుతుంది. చక్రం చిన్నదైతే వేగం తగ్గుతుంది. 1930 ప్రాంతంలో గాంధీజీ యరవాడ జైలులో ఉన్న కాలంలో రూపుదిద్దుకొన్న పెట్టె రాట్నంలో ఈ చిక్కును రెండు చక్రాలతో తీర్చారు. ఒక తాడు పెద్ద చక్రం నుంచి చిన్న చక్రానికి, మరొక తాడు అక్కడి నుంచి కదురుకు వేగాన్ని పెంచుతూ పోతుంది. కోరుట్లకు పొరుగున, ఖాదీకి పేరుపొందిన మెట్‌పల్లిలో ఈ సూత్రం పుస్తకం చదవనివారి చేతికి కూడా తెలుసు.

ఇంగ్లండులో ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో మరమగ్గానికి పేటెంటు పొందాడు. తరువాత మిల్లులలో ఒకే ఆవిరి యంత్రం పైకప్పు కింద పొడవైన ఇరుసును తిప్పేది. దాని నుంచి ఒక్కొక్క మగ్గానికీ ఒక్కొక్క తోలు బెల్టు దిగేది. మగ్గాన్ని ఆపాలంటే బెల్టును పక్కనున్న వదులు కప్పీ మీదికి జరిపేవారు. ఇరుసు తిరుగుతూనే ఉండేది, మగ్గం ఆగేది. ఏ ఆచ్ఛాదనా లేని ఆ బెల్టులలో బట్ట చిక్కుకొని చేతులూ ప్రాణాలూ పోగొట్టుకొన్నవారు ఎందరో. మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం యంత్రాల ప్రమాదకరమైన భాగాలకు కంచె తప్పనిసరి చేసింది. తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసే శిక్షితుడు ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు ధరించాలని కూడా ఆదేశించింది.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. అక్కడ ఇప్పుడు పైకప్పు ఇరుసు లేదు. సాంచాకు తన మోటారు తనకున్నది. నాలుగు ధ్రువాల మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. సాంచాకు అంత వేగం పనికిరాదు. అందుచేత మోటారుకు చిన్న కప్పీ, సాంచాకు పెద్ద కప్పీ, రెంటినీ కలుపుతూ బెల్టు. సాంచా హఠాత్తుగా బిగుసుకొంటే బెల్టు కొంచెం జారి ఇతర భాగాలను కాపాడుతుంది. కనుక జారడం బెల్టుకు లోపమే కాదు, గుణం కూడా. బెల్టు చరిత్ర అంతా ఈ పట్టునూ జారునూ అదుపులో పెట్టుకొనే ప్రయత్నమే.

పట్టు ఎక్కడినుంచి వస్తుంది? గుంజకు రెండు చుట్లు చుట్టిన పలుపును పసివాడు పట్టుకొన్నా బలమైన ఎద్దు లాగలేదు. దీనికి గణిత రూపం ఇచ్చినవాడు లియోనార్డ్ ఆయిలర్ (1707–1783). ఘర్షణ గుణకం 0.3 అయినప్పుడు, సగం చుట్టు చుట్టిన చదును బెల్టులో బిగువు వైపు లాగుడు వదులు వైపు లాగుడుకు సుమారు 2.6 రెట్లకు మించితే బెల్టు జారిపోతుంది. అదే బెల్టును 38 డిగ్రీల గాడిలో దిగే ఆకారంలో చేస్తే అది చీలవలె బిగుసుకొని, జారకముందు సుమారు 18 రెట్ల దాకా తట్టుకొంటుంది! 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరచే పద్ధతి కనిపెట్టాడు. 1917లో అమెరికాలో జాన్ గేట్స్ రబ్బరుతో గాడి బెల్టును తయారుచేశాడు. తోలు క్రమంగా తప్పుకొన్నది.

తరువాతి అడుగు మరింత చమత్కారమైనది. గాడి గోడలను దగ్గరకు జరిపితే బెల్టు పైకెక్కుతుంది. దూరం చేస్తే కిందికి దిగుతుంది. అంటే కప్పీ వ్యాసాన్ని నడుస్తుండగానే మార్చవచ్చు. ఈ సూత్రంతో నెదర్లాండ్స్‌కు చెందిన హబ్ వాన్ డోర్న్ 1958లో డాఫ్ 600 అనే గేర్లులేని కారును ప్రదర్శించాడు. అది ముందుకు ఎంత వేగంగా పోగలదో వెనుకకూ అంత వేగంగా పోగలిగేది.

మన స్కూటర్లలో చాలాకాలం గేర్లను ఎడమ చేతితో మార్చవలసి వచ్చేది. 1984లో ఏర్పడిన కైనెటిక్ హోండా సంస్థ స్కూటరూ, 2001లో వచ్చిన యాక్టివా ఆ శ్రమను బెల్టుకు అప్పగించాయి. ముందు కప్పీలో ఉన్న రోలర్లు వేగం పెరిగినకొద్దీ అపకేంద్ర బలం చేత బయటికి జరిగి గాడి గోడను నెడతాయి. బెల్టు ముందు పైకెక్కుతుంది. వెనుక కప్పీలోని స్ప్రింగును ఓడించి అక్కడ కిందికి దిగుతుంది. గేరు దానంతటదే మారినట్లే.

ఇప్పుడు నా పొరపాటు మీకు తేటపడుతుంది. అపకేంద్ర బలం ద్రవ్యరాశికి అనుపాతంలో ఉంటుంది. రోలర్లు తేలికైతే గోడను నెట్టడానికి ఇంజను మరింత వేగంగా తిరగాలి. బయలుదేరేటప్పుడు చురుకు కనిపిస్తుంది. బదులుగా పెట్రోలూ, మోతా, వేడీ పెరుగుతాయి. బరువైనవి వేస్తే ఇందుకు విపరీతం. గట్టి స్ప్రింగు వేస్తే పట్టు పెరుగుతుంది, బెల్టు మీద భారమూ పెరుగుతుంది. ఏ మార్పూ ఉచితం కాదు. మార్చదలచినవారు రోలర్లన్నీ ఒకే బరువువి వేయాలి. అంతకుముందు బెల్టు సంగతి చూడాలి.

బెల్టు అరిగితే వెడల్పు తగ్గుతుంది. అది ముందు కప్పీ అంచు దాకా ఎక్కలేదు. బండి గరిష్ఠ వేగం తగ్గుతుంది. లోపలి వైపు పగుళ్ళు, పక్కల గాజువంటి మెరుపు, ఒకవైపే చదునుగా అరిగిన రోలర్లు రాబోయే కీడుకు ముందు గుర్తులు. బెల్టుకు నూనెగాని గ్రీజుగాని తగలరాదు. అది ఘర్షణనే చంపుతుంది. కప్పీ ముఖాలను పొడి గుడ్డతో తుడవాలి. బాణం గుర్తున్న బెల్టును ఆ దిశలోనే వేయాలి. మూత విప్పి ఉండగా ఇంజను నడపరాదు. మిల్లులలో చేతులు తీసినది ఆ బెల్టే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మెకానిక్కు దుకాణంలో పారవేసిన పాత బెల్టునొకదాన్ని, కొత్తదానినొకదాన్ని తరగతికి తెప్పించండి. వెర్నియర్ కాలిపర్సుతో పది చోట్ల వెడల్పులు కొలిపించి సగటు తీయించండి. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన హద్దుతో పోల్చమనండి. పరీక్ష కోసమే నేర్చిన కాలిపర్సు మనిషిని నడిరోడ్డు మీద ఆగిపోకుండా కాపాడగలదని ఆనాడు విద్యార్థికి తెలుస్తుంది. నాకు ఆ సంగతి కోరుట్ల రోడ్డు మీద ఎండలో నిలబడినప్పుడు తెలిసింది.