టికెట్టు లేని ఇసుక

వేమన సమాధి ఉన్న కటారుపల్లి గాండ్లపెంట మండలంలోదే. సముద్రం మాత్రం మండలంలోనే కాదు, శ్రీ సత్యసాయి జిల్లా అంతా గాలించినా కనబడదు. అయినా తీరం మీద విశాఖవాసికి ఎంత హక్కుందో గాండ్లపెంట రైతుకీ అంతే ఉంది. ఆ హక్కు ఎక్కడిదో చూద్దాం.

1953 దాకా మన గాండ్లపెంట ఉన్న కదిరి తాలూకా మద్రాసు రాష్ట్రంలోదే. అంటే మద్రాసు మెరీనా ఒకప్పుడు మన రాజధాని బీచి. 1880లలో గవర్నరు గ్రాంట్ డఫ్ అక్కడ విహారమార్గం వేయించి ఆ పేరు పెట్టాడు. ఇసుక మాత్రం ఆయన వేయించింది కాదు. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను ఎక్కువగా ఉత్తరానికే తోస్తాయి. 1870లలో మద్రాసు హార్బరుకు రాతిగోడలు కట్టడం మొదలయ్యాక ఆ ఇసుక దక్షిణాన ఆగి, ఏటేటా మేట వేసి, మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోతకు గురైంది. ఒకరికి బీచి వస్తే ఇంకొకరికి ఇల్లు పోయిందన్నమాట!

విశాఖలోనూ ఇదే కథ. రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల పేరొచ్చిన ఆర్కే బీచి, ఔటర్ హార్బరుకు ఉత్తరాన ఉంది. ఉత్తరానికి రావాల్సిన ఇసుక హార్బరు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, దాన్ని తవ్వి తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. మనం ఉచితంగా నడిచే ఇసుక వెనుక ప్రజల డబ్బుంది.

ఇక చట్టం సంగతి. గాలి, పారే నీరు, సముద్రం, దాని ఒడ్డు అందరి ఉమ్మడి అని క్రీ.శ. 533లోనే రోమన్ చక్రవర్తి జస్టీనియన్ న్యాయగ్రంథంలో రాయించాడు. 1996లో కమల్‌నాథ్ కేసు తీర్పులో మన సుప్రీంకోర్టు ఆ మాటనే పట్టుకుంది: ఇవి ప్రజల ఆస్తి, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే. నిజానికి ఆ కేసు హిమాచల్‌లోని బియాస్ నది గురించి. లాభం తీరానికీ దక్కింది. అంతకుముందే, 1991 నాటి తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషను, బీచి హోటళ్ల మధ్య జనం నడిచేందుకు కనీసం 20 మీటర్ల ఖాళీ వదలాలని షరతు పెట్టింది. నాకు ఆ తీర్పు కన్నా ఈ 20 మీటర్లే ముద్దు. హక్కు ఉందనడం వేరు, దానికి దారి చూపించడం వేరు.

ఆ హక్కుకు పరీక్ష 2023 జులైలో వచ్చింది. శుభ్రమైన బీచిలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన విశాఖ రుషికొండ బీచికి మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము ప్రకటించారు. శుభ్రతకు ఖర్చవుతుంది, నిజమే. కానీ కుటుంబమంతా బస్సులో వచ్చే పేదవాడికి అది చిన్న మొత్తం కాదు. నిరసనలు రేగాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

కదిరిలో రైలెక్కి పాకాల మీదుగా తిరుపతికి వెళ్లేవాళ్లు, వీలైతే ఇంకాస్త ముందుకెళ్లి నెల్లూరు దగ్గర మైపాడు చూసిరండి. బండి నిలిపినందుకు డబ్బడిగితే ఇవ్వండి. ఇసుకలో కాలు పెట్టినందుకు అడిగితే మాత్రం, ఏ ఉత్తర్వు ప్రకారమో చూపించమనండి.