ఆవృత్తుల లెక్క

మన కచేరీలో మృదంగ విద్వాంసుని ముందర కాగితముండదు. పాశ్చాత్య వాద్యబృందములో డ్రమ్ము వాయించువానికి సైతము కాగితమే దిక్కు. ఒకే బారు, అనగా తాళఖండము, పదేపదే వచ్చునప్పుడు దానిని మరల వ్రాయక, ఇరువైపుల చుక్కలు గల ఏటవాలు గీతను వేయుదురు. రెండు బారులైన జంటగీతలు. వ్రాయసకానికి శ్రమ తగ్గినది. ఆ శ్రమ వాయించువాని తలకెక్కినది. తానెన్నవ గీతవద్ద నున్నాడో వానికి తెలియుటెట్లు?

ఫ్రెంచి స్వరకర్త రావెల్, ఇడా రూబిన్‌స్టైన్ నృత్యమునకై రచించిన 'బొలేరో' 1928 నవంబరు 22న పారిస్ ఆపెరాలో తొలిసారి ప్రదర్శింపబడినది. అందు చిన్న డ్రమ్ము రెండు బారుల లయను 169 మారులు వాయించవలెను. మొత్తము 340 బారులలో 338 అవియే! మొదట వినీ వినబడనట్లు, తుదకు సభ దద్దరిల్లునట్లు. లయ మారదు గనుక, లెక్క తప్పినవాడు తప్పితినని వెంటనే గ్రహింపనైన లేడు.

దీనికి నకళ్లు వ్రాయువారి ఉపాయము స్వల్పమైనదే: గీతలపై 2, 3, 4 అని అంకెలు. ఒకటి లేదేమని అడుగుదురేమో. అది మొదట పూర్తిగా వ్రాసిన బారుది.

తరువాత కంప్యూటరు వచ్చినది. 1988లో ఫినాలే, 1993లో సిబేలియస్, 2016లో డోరికో వెలువడినవి. డోరికోలో అంకెను యంత్రమే వేయును. ఎన్ని బారులకొక మారు వేయవలెనో మనము నిర్ణయింపవచ్చును. నాకు తోచినంతలో నాలుగింటికొకటి చాలును. ప్రతి గీతపైన అంకె యున్నచో కన్ను దేనిపైనను నిలువదు. అయినను వాద్యకారుల ప్రతులపై పెన్సిలు అంకెలు నేటికిని కనబడుచున్నవి.